నూకలు తినే దేశం: సెనెగల్ ప్రజలు, పంటలు, చదువులు

వడ్లు మర పట్టించినప్పుడు నిండు గింజ ఒక పక్కకు, నూక ఒక పక్కకు పోతుంది. సాగర్ కుడికాలువ కింద మాగాణి ఉన్న ఏ పల్నాటి ఇంట్లోనైనా ఆ నూకలకు దక్కే గౌరవం ఎంతో అందరికీ తెలిసినదే. ఉప్మాకో జావకో కొన్ని, మిగిలినవి కోళ్ళకు. పెళ్ళివిందులో నూకలన్నం వడ్డిస్తే వియ్యంకుడు చిన్నబుచ్చుకుంటాడు. కాని ఆఫ్రికా ఖండపు పడమటి కొసన ఒక ముస్లిం దేశంలో పెళ్ళికైనా, పండుగకైనా, ఇంటికి వచ్చిన పెద్దలకైనా నూకలే వండుతారు. చేపలు, టమాటా, వంకాయ, క్యారెట్ ఉడికించిన రసంలో ఆ నూకలను పక్వానికి తెస్తారు. ఇంటిల్లిపాదీ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. ఆ వంటకం పేరు ‘చెబు జెన్’. 2021లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. ఆ దేశం సెనెగల్. కాకినాడ రేవులో ఓడకెక్కే ఆంధ్ర మిల్లుల బియ్యం, నూకలు పోయేది ఎక్కువగా ఆ పశ్చిమ ఆఫ్రికా తీరానికే.

నూకల మీద ఈ మక్కువ కేవలం నాలుక వల్ల పుట్టినది కాదు. దాని వెనుక రెండు వందల యేళ్ళ వర్తక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో తెలుగు నేల పేరు కూడా ఒకటికి రెండుసార్లు వస్తుంది.

సెనెగల్ విస్తీర్ణం దాదాపు 1,96,700 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం పెద్దది. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం 1 కోటి 80 లక్షల చిల్లర. ఉత్తరాన సెనెగల్ నది, నదికి ఆవల మారిటానియా. తూర్పున మాలి, దక్షిణాన గినీ, గినీ బిసావ్. నడుమ గాంబియా నదిని ఆనుకొని గాంబియా అనే చిన్న దేశం నాలుక చాపినట్లు లోపలికి చొచ్చుకొని ఉన్నది. ఇంగ్లీషువారూ ఫ్రెంచివారూ నదుల వెంట పంచుకున్న పంపకాల ఫలితమిది. వర్షాలు జూన్ నుంచి అక్టోబరు వరకే. పల్లెల్లో పాత తిండి సజ్జ, జొన్న. ఈ రెండు ధాన్యాలూ మొదట సాగైనది ఆఫ్రికాలోనే. అక్కడి నుంచే వేల యేళ్ళ క్రితం భారతదేశం చేరాయి. పల్నాటి జొన్నకూడును శ్రీనాథుడు ఎత్తిపొడిచాడని తెలుగువారు చెప్పుకుంటారు గాని, ఆ జొన్న ఎంత దూరం నుంచి నడిచివచ్చిందో ఆయనకు తెలిసే వీలు లేదు.

ప్రజల్లో పదింట నలుగురు వొలోఫులు. ఫులానీలు, సెరేర్లు, జోలాలు, మాండింకాలు, సోనింకేలు ఇతర ప్రధాన తెగలు. ఇంట్లో ఎవరి భాష వారిదైనా, బజారులో అందరూ మాట్లాడేది వొలోఫ్. కచేరీ భాష మాత్రం ఫ్రెంచి. నూటికి తొంభై అయిదుగురికి పైగా ముస్లిములు, మాలికీ మజ్హబు వారు.

ఇస్లామ్ ఇక్కడికి కత్తితో రాలేదు, ఒంటెల బిడారులతో వచ్చింది. సెనెగల్ నది ఒడ్డున ఉన్న తక్రూర్ రాజ్యానికి రాజైన వార్ జాబీ ఇస్లామ్ స్వీకరించి, తన ప్రజలను ఆ మార్గాన నడిపి, హిజ్రీ 432లో, అనగా క్రీస్తు శకం 1040-41లో మరణించాడని అండలూసియా భూగోళ పండితుడు అల్ బక్రీ 1068లో వ్రాశాడు. ఆ నదీతీరంలోనే, ఫూతా తోరోలో, 1776లో థియెర్నో సులేమాన్ బాల్ నాయకత్వాన ఉలమా వర్గం పాత రాజవంశాన్ని దించి ఇమాముల పాలన నెలకొల్పింది. ముస్లిములను పట్టి తెల్లవారికి బానిసలుగా అమ్మే రాజుల మీద ప్రజలకు కలిగిన ఆగ్రహం ఆ విప్లవానికి ఒక ప్రధాన కారణం. అయినా అమ్మకం ఆగలేదు. ఫూతా తోరోలో పాతికేళ్ళు చదువుకున్న ఉమర్ ఇబ్న్ సయీద్ అనే పండితుడు 1807లో అమెరికాలోని చార్లెస్టన్ రేవులో బానిసగా దిగాడు. 1831లో ఆయన తన జీవితకథను అరబ్బీలో వ్రాశాడు. దానికి ముందు ఖుర్ఆన్‌లోని అల్ ముల్క్ సూరాను జ్ఞాపకం మీద వ్రాసుకున్నాడు. సర్వాధిపత్యం అల్లాహ్‌దేనని చెప్పే సూరాను, ఇంకొకడి సొత్తుగా లెక్కకెక్కిన మనిషి ఎంచుకోవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఇక వర్తకం సంగతి. ఫ్రెంచివారు 1659లో నది ముఖద్వారాన సెయింట్ లూయీ పట్నం కట్టారు. బానిసల తరువాత వారికి అక్కడ కావలసిన సరుకు తుమ్మబంక. పల్నాటి బీళ్ళలో కనిపించే నల్లతుమ్మకు చుట్టమైన ఒక ముళ్ళచెట్టు నదికి ఉత్తరాన విస్తారంగా పెరుగుతుంది. ఆ బంకను సేకరించి తెచ్చే మూరు తెగలవారు బదులుగా వెండి అడగలేదు, బంగారం అడగలేదు, నీలిగుడ్డ అడిగారు. అది భారతదేశపు కోరమాండల్ తీరంలో తెలుగు, తమిళ నేతగాళ్ళు మగ్గాల మీద నేసి, నీలిమందులో ముంచి ఆరవేసిన నూలుగుడ్డ. ఆఫ్రికాకు పోయే గుడ్డ గనుక ఐరోపా వర్తకులు దానికి ‘గినీ’ అని పేరు పెట్టారు. డచ్చివారు బందరులోనూ నిజాంపట్నంలోనూ 17వ శతాబ్ది మొదట్లోనే వర్తక స్థావరాలు పెట్టుకున్నది ఈ తీరపు గుడ్డ కోసమే. పుదుచ్చేరి, యానాం ఫ్రెంచివారి చేతిలో ఉండేవి. దాదాపు 15 మీటర్ల తాను ఒకటి సెనెగల్ నది మీద నాణెంలాగా చెల్లేది. బంక ధర ఇన్ని తానులని, కప్పం ఇన్ని తానులని లెక్క. ఐరోపా మరలు దానికి నకళ్ళు నేసి పంపితే, మూరులు వాసన చూసి, వేలితో నలిపి వెనక్కి తిప్పిపంపేవారు. నీలిమందు వాసన లేని గుడ్డ వారికి గుడ్డ కాదు.

ఈ బంక ఐరోపాలో ఏమయ్యేది? చాలావరకు అద్దకపు కార్ఖానాలకు పోయేది. రంగు పాకిపోకుండా గుడ్డ మీద అచ్చు నిలవాలంటే రంగులో జిగురు కలపాలి. ఆ కార్ఖానాలు పుట్టినది బందరు కలంకారీ వంటి భారతీయ అద్దకాలను అనుకరించడానికే. తెలుగు సాలెవాడి గుడ్డ సెనెగల్‌లో బంకను కొన్నది. ఆ బంక ఐరోపా అద్దకాన్ని నిలబెట్టింది. ఆ అద్దకం తిరిగి వచ్చి తెలుగు అద్దకందారుల పొట్ట కొట్టింది. ఈ చక్రంలో సాలెవాడికీ బంక ఏరేవాడికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఇద్దరి సరుకుకూ ధర కట్టినది మూడోవాడు.

19వ శతాబ్ది నడిమికి బంక వెనుకబడి వేరుశెనగ ముందుకు వచ్చింది. మార్సేయ్ రేవులోని నూనె, సబ్బు కార్ఖానాలకు నూనెగింజలు కావలసివచ్చాయి. 1840లలో సెనెగల్ నుంచి మొదటి సరుకు బయలుదేరింది. కొన్ని దశాబ్దాల తరువాత పుదుచ్చేరి రేవు నుంచి దక్షిణ భారతపు వేరుశెనగ కూడా అదే మార్సేయ్‌కు పోయి సెనెగల్ కాయతో పోటీపడింది. పంటను రేవుకు చేర్చడానికి ఫ్రెంచివారు 1885లో డాకర్ నుంచి సెయింట్ లూయీకి రైలు వేశారు. తన కాయోర్ రాజ్యం మీదుగా ఆ పట్టాలు పోతే రాజ్యం మిగలదని ముందే గ్రహించి అడ్డుపడిన రాజు లాత్ జోర్ 1886లో యుద్ధంలో చనిపోయాడు. ఆయన కథను నేటికీ ‘గెవెల్’ అనే వంశపారంపర్య గాయకులు పాడతారు. కారెంపూడిలో పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతులను చూసినవారికి ఈ గెవెల్‌లు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

రాజులు పోయిన ఆ శూన్యంలో ప్రజలు షేఖుల చుట్టూ చేరారు. వారిలో ముఖ్యులు షేఖ్ అహ్మదు బంబా (సుమారు 1853–1927). ఆయన ఆయుధం పట్టలేదు, ఫ్రెంచి దొరల గడప తొక్కలేదు. జనం గుంపులు గుంపులుగా ఆయన దగ్గరకు పోవడమే ప్రభుత్వానికి నేరంగా కనిపించింది. 1895లో ఆయనను గాబోన్ అడవుల్లోకి ప్రవాసం పంపారు. ఏడేళ్ళ తరువాత వదిలి, మళ్ళీ మారిటానియాకు పంపారు. చివరకు జుర్బెల్ పట్నంలో నిఘా కింద ఉంచారు. అక్కడ 1913లో తీసిన ఫోటో ఒక్కటే ఆయనకు ఉన్న ఛాయాచిత్రం. ఎండలో తెల్లని దుస్తులు, తలపాగా చెరగుతో సగం కప్పిన ముఖం. నేడు డాకర్‌లో బస్సుల మీద, అంగళ్ళ గోడల మీద కనిపించేది ఆ ఫోటోయే. ఆయన స్థాపించిన మురీదియా తరీఖాలో జిక్ర్‌తో పాటు కాయకష్టానికి పెద్దపీట వేశారు. శిష్యులు గుంపులుగా బీడుభూములకు పోయి, అడవి కొట్టి, బావులు త్రవ్వి వేరుశెనగ వేశారు. వారంలో ఒక రోజు, బుధవారం, షేఖు పొలంలో పనిచేయడం ఊరూరా ఆచారమైంది.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. షేఖును ప్రవాసం పంపిన ప్రభుత్వమే తరువాత ఆయన శిష్యుల పంట మీద బాగుపడింది. 1930ల నాటికి ఏటా దాదాపు 5 లక్షల టన్నుల కాయ ఓడలకెక్కేది. అందులో మురీదుల వాటా చాలా పెద్దది. దీన్ని చూసి మురీదియాను ఫ్రెంచివారి పనిముట్టు అన్న పరిశోధకులున్నారు. ఆ మాట సగమే నిజం. చెదరిపోయిన సమాజానికి భూమి, తిండి, గౌరవం ఇచ్చినది ఆ తరీఖాయే. ఆయన స్థాపించిన తూబా పల్లె నేడు డాకర్ తరువాత అంతటి నగరం. అక్కడి పెద్ద మస్జిదు 1963లో ప్రారంభమైంది. నగరంలో పొగాకు, మద్యం నిషేధం. సఫర్ 18న, ఆయన ప్రవాసానికి బయలుదేరిన రోజున, లక్షలాది జనం అక్కడ చేరతారు. ఇతరులు గురువులు చనిపోయిన రోజును స్మరిస్తే, వీరు గురువు శిక్షకు వెళ్ళిన రోజును స్మరిస్తారు.

తిజానియా తరీఖావారి సంఖ్య మురీదుల కంటే తక్కువేమీ కాదు. తివావన్‌లో అల్‌హాజ్ మాలిక్ సీ (మరణం 1922) విద్యాకేంద్రం నడిపారు. వేరుశెనగ మార్కెట్టు పట్నమైన కావలక్‌లో షేఖ్ ఇబ్రాహీం న్యాస్ (1900–1975) ఉండేవారు. ఆయన శిష్యులు నైజీరియాలో కూడా లక్షల్లో ఉన్నారు.

పొలాలు నింపినది భూమినే కాదు, దేశపు కడుపును కూడా మార్చింది. వేరుశెనగ వేసిన చోట సజ్జ తగ్గింది. తిండికి కొరత వస్తే ఫ్రెంచి ప్రభుత్వం తన అధీనంలోని వియత్నాం ప్రాంతపు మిల్లుల నుంచి అక్కడ గిరాకీ లేని నూకలను చవకగా తెచ్చి పోసింది. రెండు మూడు తరాల్లో ఆ చవక తిండి ఇష్టమైన తిండి అయింది, ఆపైన జాతీయ వంటకమయింది. ప్రత్తి వేసి, వచ్చిన డబ్బుతో బియ్యం కొనుక్కునే మెట్ట రైతుకు ఈ మార్పు ఎలా జరుగుతుందో వివరించనవసరం లేదు.

1960లో స్వాతంత్ర్యం వచ్చింది. మొదటి అధ్యక్షుడు లియొపోల్డ్ సెంఘోర్ క్రైస్తవుడు, కవి. ముస్లిం ప్రత్యర్థిని కాదని ఆయనను బలపరిచినవారిలో మురీదు ఖలీఫా కూడా ఉన్నారు. ఇరవై యేళ్ళు పాలించి 1980 చివర తనంతట తాను దిగిపోయాడు. ఇరుగుపొరుగు దేశాల్లో సైన్యం పదేపదే గద్దెనెక్కినా ఇక్కడ ఒక్కసారీ ఎక్కలేదు. 2000లో, 2012లో, 2024లో ప్రజలు ఓటుతోనే ప్రభుత్వాలను మార్చారు. అయినా రైతు చిక్కు తీరలేదు. ప్రభుత్వ సంస్థే విత్తనం అప్పిచ్చి, కాయ కొని, ధర నిర్ణయించేది. తూకంలో మోసాలు, చెల్లింపుల్లో జాప్యాలు, పైన 1968 నుంచి వరసగా కరువులు. 1970 ప్రాంతాల్లో రైతులు విసిగి, వేరుశెనగ తగ్గించి సజ్జ వేశారు. అప్పులతో కుప్పకూలిన ఆ కొనుగోలు సంస్థను 1980లో రద్దు చేశారు. 1987–88లో తెల్లదోమ దెబ్బకు గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి రైతులు ఏమైనారో ఎరిగినవారికి ఈ కథ పరాయిది కాదు. ఒక్క తేడా: సజ్జను ఇంట్లో తినవచ్చు, ప్రత్తిని తినలేరు.

ఇక భాష, చదువు. తెలుగు ముస్లిములకు సెనెగల్ నుంచి తెలుసుకోదగినది అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే ఉన్నది. వొలోఫులు తమ భాషను అరబ్బీ లిపిలో, లేని ధ్వనులకు చుక్కలు చేర్చుకొని, వ్రాసుకుంటారు. దాన్ని ‘వొలోఫాల్’ అంటారు. అహ్మదు బంబా తన కసీదాలన్నీ అరబ్బీలో వ్రాస్తే, ఆయన శిష్యుడు మూసా కా వాటి సారాన్ని వొలోఫ్ పద్యాల్లోకి తెచ్చి పల్లెటూరి ఆడవారి నోళ్ళకు కూడా అందించాడు. జుర్బెల్, తూబా అంగళ్ళలో పద్దులు, ఉత్తరాలు, అంగడి బోర్డులు ఈ లిపిలో కనిపిస్తాయి. ప్రభుత్వపు లెక్కలు చాలాకాలం ఫ్రెంచి వచ్చినవాడినే అక్షరాస్యుడన్నాయి. ఆ ప్రకారం ఆయా అంగళ్ళవారు నిరక్షరాస్యులు. కేరళ మాప్పిళ్ళలు అరబీ మలయాళం, తమిళ ముస్లిములు అర్వీ కల్పించుకొన్నట్లు తెలుగు ముస్లిములు తెలుగుకు అరబ్బీ లిపి వాడలేదు. కాని నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టుపట్ల దూదేకులవారు, అనగా నూర్‌బాషాలు, తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడారు. ఉర్దూ రాదన్న కారణాన వారిని తక్కువ ముస్లిములుగా చూసిన పెద్దలు లేకపోలేదు. వొలోఫు ముస్లిమును అలా అడిగితే అతనికి ప్రశ్నే అర్థం కాదు. పేర్లూ అంతే. ముహమ్మద్ అక్కడ మామదు, ఫాతిమా ఫాతు, ఆమినా అమినాత. పల్నాటిలో సైదులు, నాగూర్ వలీ, మస్తాన్‌బీ అయినట్లే, దీన్ అక్కడా ఊరి నోటికి తగ్గట్టు పలికింది.

అయితే ఊరి నుంచి వచ్చినదంతా మంచిదే కాదు. గెవెల్‌లు, కమ్మరులు, తోలుపనివారు, నేతగాళ్ళు పుట్టుకతో వేరు కులాలు. మస్జిదులో ఒకే సఫ్‌లో నిలబడేవారు పెళ్ళి దగ్గర విడిపోతారు. దూదేకుల పిల్లను చేసుకోవడానికి సంశయించే సయ్యద్, పఠాన్ కుటుంబాలు ఉన్నచోట ఈ సంగతి ఆశ్చర్యం కలిగించదు. చిలకలూరిపేట నాదస్వర విద్వాంసుడు ఆదం సాహెబ్ వద్ద నేర్చుకొని షేక్ చినమౌలానా దేశమంతటా పేరు పొందినట్లే, గెవెల్ గాయకులు ప్రపంచమంతటా కచేరీలు చేస్తున్నారు. చప్పట్లు కొట్టినంత తేలికగా పిల్లనిచ్చేవారు మాత్రం అక్కడా తక్కువే.

ఖుర్ఆన్ బడిని ‘దారా’ అంటారు. పిల్లలు చెక్క పలక మీద మసి సిరాతో ఆయతులు వ్రాసి, కంఠస్థమయ్యాక కడిగి, మళ్ళీ వ్రాస్తారు. ఈ పద్ధతిలో గొప్ప హాఫిజులు తయారైనారు, నేటికీ అవుతున్నారు. మరో పక్క, పట్నాల్లోని కొన్ని దారాల పిల్లలు డబ్బా చేతబట్టి వీధుల్లో బిచ్చమెత్తుతారు. సాయంత్రానికి ఇంత తేవాలని గురువు లెక్క. పూర్వం పల్లెలో ఇంటికో ముద్ద అడగడం వినయానికి శిక్షణ. డాకర్ కూడలిలో కార్ల మధ్య అది దోపిడీ. పిల్లలతో బిచ్చమెత్తించడాన్ని 2005 చట్టం నేరంగా ప్రకటించింది గాని, పలుకుబడి గలవారి మీద అమలు చేసే ధైర్యం ప్రభుత్వాలకు చాలలేదు. దీన్ని విమర్శిస్తే దీనీ విద్యనే విమర్శించినట్లు భావించేవారు ఆ విద్యకే కీడు చేస్తున్నారు.

దారాకూ ఫ్రెంచి బడికీ నడుమ నలిగిన మనసును షేఖ్ హమీదు కాన్ 1961లో వెలువరించిన నవలలో చిత్రించాడు. దాని పేరును ‘సందిగ్ధ సాహసం’ అని తెనిగించవచ్చు. పలక పట్టిన బాలుణ్ణి కొత్త బడికి పంపాలా, పంపితే నేర్చుకునేది మరచిపోయేదానికి సరితూగుతుందా అన్నదే ఊరివారి తర్జనభర్జన. 1979లో మరియామా బా వ్రాసిన చిన్న నవల, భర్త రెండో పెళ్ళి చేసుకున్న ఒక విద్యావంతురాలు తన స్నేహితురాలికి వ్రాసే ఉత్తరం. దానికి ఏడేళ్ళ ముందు, 1972లో, కుటుంబ చట్టం వచ్చింది. ఏకపత్నీత్వమా, బహుభార్యాత్వమా అన్నది వరుడు పెళ్ళినాడే నమోదు చేయించాలి. ముస్లిం వారసత్వానికి వేరే అధ్యాయం ఉంచారు. షరతు ముందే వ్రాతలో ఉండడం మంచిదే. ఆ నవలలోని స్త్రీ బాధ వంటివి చట్టంతో తీరేవి కావు.

నేటి ఆర్థిక స్థితిలో వేరుశెనగ ఒక్కటే ఆధారం కాదు. చేపలు, బంగారం, ఫాస్ఫేట్, 2024 నుంచి సముద్రగర్భ చమురు ఉన్నాయి. విశాఖపట్నం, కాకినాడల్లో ఎరువుల కర్మాగారాలున్న కోరమాండల్ సంస్థ 2022లో సెనెగల్‌లోని ఒక ఫాస్ఫేట్ గని కంపెనీలో 45 శాతం వాటా కొన్నది. గ్రోమోర్ బస్తా విప్పే మాచర్ల రైతుకు ఆ దేశంతో అలా ఒక కొత్త చుట్టరికం ఏర్పడింది. నాణెం ఇంకా పాత ప్రభువుల నాటి సీఎఫ్ఎ ఫ్రాంకే, యూరోకు ముడిపడి ఉన్నది. 1994లో దాని విలువను ఒక్క రాత్రిలో సగం చేశారు. తీరాన విదేశీ ఓడలు చేపలు ఊడ్చుకుపోగా, రంగురంగుల దోనెల్లో వేటకు పోయే పల్లెకారుల పిల్లలు అవే దోనెల్లో స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులకు బయలుదేరుతున్నారు. 2024లో పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి అలా దీవులు చేరినవారు 46 వేలకు పైగా. దారిలో మునిగినవారు వేలల్లో. కడప, రాయచోటి కుటుంబాలు కువైట్ డబ్బు మీద నిలబడినట్లు, తూబా చుట్టుపట్ల ఇళ్ళు ఇటలీ, స్పెయిన్ వీధుల్లో సరుకులమ్మే మురీదుల డబ్బు మీద నిలబడ్డాయి.

సెనెగల్ నది మీద 1986లో, 1988లో రెండు ఆనకట్టలు పూర్తయినాయి. పెద్దది మాలిలోని మనాంతాలిలో ఉన్నది. అయినా నదీ దేశాలు వాటిని ఉమ్మడి ఆస్తిగా వ్రాసుకుని ఉమ్మడిగా నడుపుకుంటున్నాయి. 2023 నవంబరు 30న సాగర్ ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచిన దృశ్యం చూసినవారికి ఇది వినడానికే వింతగా ఉంటుంది. ఆ కాలువల కింద వరి పండుతున్నది గాని దేశానికి చాలదు. ఏటా పది లక్షల టన్నుల అటూ ఇటూ బియ్యం బయటినుంచి రావాలి. అందులో అధికభాగం నూకలే.

2022 సెప్టెంబరులో భారత ప్రభుత్వం నూకల ఎగుమతిని నిషేధించింది. కోళ్ళదాణాకు, ఇథనాల్‌కు ఇక్కడ నూకల ధర పెరిగిందన్నది కారణం. కోళ్ళఫారాలవారు సంతోషించారు. డాకర్‌లో చెబు జెన్ ఖరీదైంది. అక్కడి ప్రభుత్వం కోరిన మీదట 2023లో ప్రభుత్వాల మధ్య ఒప్పందంగా కొంత సరుకు పంపారు. నిషేధాన్ని పూర్తిగా ఎత్తివేసినది 2025 మార్చిలో. ఈలోగా నదిలోయ రైతులను వరి పెంచమన్నారు. వారికి వచ్చిన చిక్కు మాత్రం విచిత్రమైనది. మంచి మరలో ఆడిస్తే నిండు గింజ ఎక్కువ వస్తుంది. డాకర్ ఇల్లాలు అడిగేది నూక.